పాత గాస్కెట్ మీద

"ఆ చేతులతోనే పిండి కలుపుతావా?" అంది మా అత్తగారు.

మళ్లీ సబ్బు రుద్దుకున్నాను. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. అది చిన్న విమానాల ఇంజిన్ల జిడ్డు. మా ఆయనకు వాటిని బాగుచేసే షెడ్డు ఉంది. "మా ఆవిడ కూడా కాస్త చెయ్యి వేస్తుంది" అని చెబుతాడు వచ్చినవాళ్లతో. ఇంజిన్లు విప్పేదీ, కడిగేదీ, బిగించేదీ నేనే. ఒకసారి జీతం మాటెత్తితే, "ఇంట్లో మనిషికి జీతమేమిటే" అని నవ్వాడు. అత్తగారూ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా.

పిండి కలుపుతున్నానన్న మాటేగాని, ధ్యాసంతా పొద్దున చూసిన పైపు మీదే ఉంది. ఇంజిన్లోకి గాలీ పెట్రోలూ కలిసి వెళ్లే పైపు అది. అతుకు దగ్గర సందు లేకుండా మధ్యలో వేసే గాస్కెట్ చిట్లిపోయింది. కొత్తది రేపటికిగాని రాదు. ఆయన ఆగలేదు. పాతదాని మీదే సిలికాన్ సీలెంట్ జిగురు దట్టంగా పూసి బిగించేశాడు.

"అక్కడ అది పనికిరాదండీ. పెట్రోలు తగిలితే ఉబ్బి ఊడిపోతుంది. ముక్క లోపలికి పోతే ఇంజిన్ ఏమవుతుంది?" అన్నాను.

"పనివాళ్ల ముందు నాకు పాఠాలా? ఇంటికెళ్లి వంట చూసుకో."

వచ్చేశాను. చెప్పాల్సింది చెప్పాను, ఇక నా తప్పేముంది అనుకుంటూ వచ్చాను. సాయంత్రం ఆ విమానంలో ఎగరబోయేది ఫ్లయింగ్ నేర్పే టీచరమ్మ. పైకి లేచీ లేవగానే ఇంజిన్ తడబడితే, ఆవిడ చేయగలిగేదేమీ ఉండదు. నా తప్పేముంది? ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటూ నీళ్లు పోస్తూనే ఉన్నాను. పిండి జారైపోయింది.

"మనసెక్కడ పెట్టావు?"

"షెడ్డులో," అని చేతులు తుడుచుకుని బయల్దేరాను.

ఆయన షెడ్డులో లేడు. పైపు విప్పాను. ఒక్కసారి ఇంజిన్ తిప్పి చూసినందుకే లోపలి అంచున సీలెంట్ మెత్తబడి వేలాడుతోంది. వేలు తగలగానే ఊడి వచ్చింది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. "అదేంటి, పని అయిపోయిందన్నారుగా?"

"ఇవాళ ఇది ఎగరదండీ," అన్నాను.

వెనకాలే మా ఆయన. పైపు చూసి మొహం మాడ్చుకున్నాడు. వెంటనే నవ్వు తెచ్చుకుని, "మా ఆవిడకు చాదస్తం ఎక్కువండీ. అరగంటలో బిగించి ఇచ్చేస్తాను," అన్నాడు.

టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను ఆ ముక్కను ఆవిడ అరచేతిలో పెట్టాను. "ఇది ఇంజిన్లోకి పోయేదండీ. రేపు కొత్త గాస్కెట్ వేస్తాను. అప్పుడు తీసుకెళ్లండి."

ఆవిడ దాన్ని రెండు వేళ్లతో నలిపి చూసింది. మెడలో వేసుకున్న హెడ్‌సెట్ తీసి సంచిలో పెట్టేసుకుంది.

ఆయన నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికి పద. అక్కడ మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడండి," అన్నాను. "నాకింకా పనుంది."