రెండు క్రెడిట్లు తక్కువ

ఆ సోమవారం పొద్దున యూనివర్సిటీ మెట్లెక్కేటప్పటికి మా చేతిలో ఉన్నవి అరవై క్రెడిట్లు. మా ఆవిడ మూడేళ్లపాటు సాయంత్రాలు చిన్న కాలేజీకి వెళ్లి సంపాదించినవి. పగలంతా నాతోపాటు కొట్లో ఉండి, ఆరు కొట్టగానే గల్లా తాళం నా ముందు పెట్టి, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయేది. రెండేళ్ల చదువు అలా మూడేళ్లలో పూర్తయింది. మిగిలిన రెండేళ్లూ పెద్ద యూనివర్సిటీలో చదివితే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగానికి అర్హత వస్తుంది.

క్రెడిట్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఒక సబ్జెక్టు వారానికి నాలుగు గంటలు చదివి పాసైతే నాలుగు క్రెడిట్లు, మూడు గంటలైతే మూడు. చిన్న కాలేజీకీ పెద్ద యూనివర్సిటీకీ ఒప్పందం ఉంది. ఇక్కడ సంపాదించిన క్రెడిట్లలో కనీసం యాభై ఆరు అక్కడ చెల్లితే నేరుగా మూడో ఏడాదిలో సీటు ఇస్తారు. అయితే ఇక్కడ చదువు ముగిసిన ఏడాదే అక్కడ చేరాలి. ఆ ఏడాది దాటితే ఒప్పందం వర్తించదు, మొదటి ఏడాది నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

నేను పైపులు, కుళాయిలు అమ్ముతాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. యాభై ఆరు అడిగిన చోటికి అరవై పట్టుకెళ్తున్నాం, చేతిలో నాలుగు అదనంగా ఉన్నాయి. దారిలో బస్సులో నేను నిద్ర కూడా పోయాను.

ప్రవేశాల ఆఫీసు కిటికీ అవతల కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. మా కాగితాన్ని ఎడమవైపు, ఒప్పందం జాబితాను కుడివైపు పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో సబ్జెక్టుకూ టిక్కు పెట్టుకుంటూ పోయింది. చేయి స్థిరంగా నడిచే మనిషి. మా దగ్గర సరుకు దింపుకునేటప్పుడు నేనూ అలాగే చూస్తాను. చివరికి ఒక్క వరుస టిక్కు లేకుండా మిగిలింది. ఉన్నత గణాంకశాస్త్రం, ఆరు క్రెడిట్లు.

ఒప్పందంలో ఉన్నది ప్రాథమిక గణాంకశాస్త్రం అని, దానికి నాలుగు క్రెడిట్లని, అది మా కాగితంలో లేదని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఉన్నత గణాంకశాస్త్రం జాబితాలోనే లేదు కాబట్టి చెల్లదట. అరవైలో ఆరు పోతే యాభై నాలుగు. కావలసింది యాభై ఆరు.

మా ఆవిడ నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

తప్పు నాదే. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. అడిగిన రకం కొట్లో లేకపోతే దానికంటే ఒక మెట్టు పైది అదే ధరకు ఇచ్చేస్తాం. ప్లాస్టిక్ కుళాయి అడిగినవాడికి ఇత్తడిది ఇస్తే సంతోషంగా పట్టుకెళ్తాడు. ఇరవై రెండేళ్లలో అలా ఇచ్చిన సరుకు ఒక్కటీ వెనక్కి రాలేదు. రెండేళ్ల కిందట చిన్న కాలేజీలో ప్రాథమిక గణాంకశాస్త్రం సాయంత్రం క్లాసు నిండిపోయింది. ఉన్నత గణాంకశాస్త్రంలో ఖాళీలున్నాయి, చిన్న పరీక్ష రాస్తే చేర్చుకుంటారు. జాబితాలో ఇది రాసి లేదండీ అని మా ఆవిడ ఒకటికి రెండుసార్లు అంది. నాలుగు అడిగినవాళ్లకు ఆరు ఇస్తుంటే ఎవరైనా వద్దంటారా అని నేనే ఫారం మీద టిక్కు పెట్టించాను.

కిటికీ దగ్గర కూడా నా బుద్ధి కొట్లోనే ఉంది.

"అమ్మా, తక్కువైంది రెండే కదా," అన్నాను. "ఈ ఆరులో మూడు మీరు తీసుకోండి. మిగతా మూడు మేం వదిలేసుకుంటాం. ఇద్దరికీ ఇబ్బంది ఉండదు."

"ఇది బేరం కాదండీ," అంది ఆ అమ్మాయి. "జాబితాలో ఉంటే మొత్తం వస్తుంది, లేకపోతే సున్నా."

మా వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆవిడ మెడ ఎర్రబడింది.

"మీరు వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోండి," అంది గొంతు పెంచకుండా. "నేను పిలిచేదాకా నోరు తెరవకండి."

కూర్చున్నాను. అక్కడి నుంచి మాటలు సగమే వినబడుతున్నాయి. మా ఆవిడ బతిమాలలేదు, బేరం ఆడలేదు. ఒక ప్రశ్న అడిగింది. కింది సబ్జెక్టులోని పాఠాలు పై సబ్జెక్టులో చెప్పారని చూపించాలంటే మీకు ఏ కాగితం కావాలి అని. కళ్లజోడు అమ్మాయి సొరుగులోంచి ఒక ఫారం తీసింది. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నాకు తట్టని ప్రశ్న అది. ఎంతకిస్తారు అని అడగడమే నాకు వచ్చు.

ఆ ఫారం మీద యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం చేస్తే ప్రాథమిక గణాంకశాస్త్రం చదివినట్టే లెక్కేసి నాలుగు క్రెడిట్లు ఇస్తారు. దానికి వారం వారం ఏం చెప్పారో వివరం కావాలి, చెప్పిన మాస్టారి సంతకం కావాలి, కాలేజీ ముద్ర కావాలి. గురువారం సాయంత్రం నాలుగులోపు అందాలి. శుక్రవారం మిగిలిన సీట్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు నేను క్షమించమని ఏదో మొదలుపెట్టాను. ఆవిడ ఆపింది.

"నాకు నలభై రెండు. మళ్లీ మొదటి ఏడాది నుంచి కూర్చునే ఓపిక నాకు లేదు. గురువారానికి కాకపోతే ఈ సంచీ అటక మీద పెట్టేస్తాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తొద్దు, మీరు కూడా."

అరిచి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. కొట్టుకి వచ్చి గొడవ పడ్డవాడు మళ్లీ వస్తాడు. చల్లగా మాట్లాడి వెళ్లినవాడు ఇంక రాడు.

మంగళవారం చిన్న కాలేజీకి వెళ్లి ఉన్నత గణాంకశాస్త్రం పాఠ్యప్రణాళిక అచ్చుప్రతి తెచ్చుకున్నాం. సెలవులు కావడంతో ఆఫీసులో ఒక్క గుమాస్తా ఉన్నాడు, పన్నెండింటిదాకానే ఉంటాడు. కాగితం కొట్లో బల్ల మీద పరిచి చూశాం. మొదటి వాక్యమే ఇలా ఉంది: ప్రాథమికాంశాలు తెలిసిన విద్యార్థుల కోసం మాత్రమే. అంటే ప్రాథమికాంశాలు ఇందులో చెప్పరని వాళ్లే అచ్చు వేయించుకున్నారు. దీన్ని పట్టుకెళ్లడం కంటే ఉత్త చేతులతో వెళ్లడం నయం.

మేం తిరుగుతున్నన్నాళ్లూ కొట్టు మా అమ్మకు అప్పగించాం. ఆవిడకు డెబ్బై దాటింది. అర అంగుళానికీ ముప్పావు అంగుళానికీ తేడా చేత్తో తడిమి చెబుతుంది. విషయం విని నన్ను ఎగాదిగా చూసింది.

"సలహా నువ్వే ఇచ్చావా? మీ నాన్న కూడా నాకు తెగ ఇచ్చేవాడురా. ఆయన ఏది చెబితే అది కాకుండా మిగిలింది చేసేదాన్ని. ఈ పిల్ల అమాయకురాలు, నీ మాట వింది."

ఆ రెండు రోజుల్లో మా ఆవిడ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే, మాస్టారిని కలుద్దాం, అచ్చులో ఉన్నది వేరు, ఆయన చెప్పింది వేరు అంది.

ఆ మాస్టారిని విద్యార్థులంతా పాల మాస్టారు అంటారు. సాయంత్రాలు కాలేజీలో పాఠం చెబుతాడు, పగలు పాల ఫ్యాక్టరీలో పరీక్షల గది చూసుకుంటాడు. బుధవారం పదకొండింటికి అక్కడికి వెళ్లాం. గేటు దగ్గర చెప్పులు విప్పించి రబ్బరు బూట్లు ఇచ్చారు. నాకిచ్చినవి రెండూ ఎడమకాలివే. అలాగే నడిచాను. లోపల నేల తడిగా, గాలి చల్లగా ఉంది. పాల వాసన, సబ్బు వాసన కలిసి వస్తున్నాయి. ఒక గాజు గదిలో పొట్టి మనిషి తెల్లకోటు వేసుకుని, వరుసగా పేర్చిన సీసాల్లోంచి ఒక్కొక్కటి ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. మా ఆవిడను చూడగానే గుర్తుపట్టాడు.

మాకు కావలసింది విని, బీరువాలోంచి నల్ల అట్ట పుస్తకం తీశాడు. ఫ్యాక్టరీలో ఏ పూట ఏ పరీక్ష చేశారో రాసే అలవాటు కొద్దీ కాలేజీలో ఏ రోజు ఏం చెప్పాడో కూడా తేదీతో సహా రాసుకున్నాడట. పేజీలు తిప్పి మా ముందు పెట్టాడు. మొదటి ఆరు వారాలూ ప్రాథమికాంశాలే. సగటు, వ్యత్యాసం, సంభావ్యత, నమూనా తీయడం, అన్నీ మొదటి మెట్టు నుంచి ఉన్నాయి. ఫారంతోపాటు ఇచ్చిన ప్రాథమిక గణాంకశాస్త్రం పాఠాల జాబితాతో పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటీ తప్పిపోలేదు.

అచ్చులో అలా లేదు కదా మాస్టారూ అని అడిగాను.

"అచ్చు ప్రకారం చెబుదామనే మొదలుపెట్టానండీ," అన్నాడాయన. "మొదటి రోజు ముప్పావుగంట చెప్పి, అర్థమైందా అంటే అందరూ తలూపారు. మీ ఆవిడ లేచి నిలబడి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కింది క్లాసు చదవకుండా వచ్చాను, మొదటి నుంచి చెబుతారా అని అడిగింది. ఆవిడ అడిగాక ఒక్కొక్కరే చేతులెత్తారు. లెక్కపెడితే పంతొమ్మిది మందిలో పద్నాలుగు. వాళ్లంతా మీలాంటివాళ్ల మాట విని వచ్చినవాళ్లే."

మా ఆవిడ సీసాల వైపు చూస్తోంది. ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నా సలహా వల్ల ఇరుక్కున్నానని చెప్పి నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక చెప్పలేదో, నాకు అర్థం కాదని చెప్పలేదో, ఈనాటికీ అడగలేదు.

మాస్టారు ఆరు వారాల వివరం శుభ్రంగా తిరగరాసి, సంతకం చేసి, ఆ నల్ల అట్ట డైరీ కూడా చూపించమని మాకే ఇచ్చేశాడు. గురువారం పొద్దున చిన్న కాలేజీ గుమాస్తా ముద్ర వేశాడు. సిరా ఎండిపోయి మొదటిసారి సగం వృత్తమే పడింది. రెండోసారి ముద్ర మీద రెండు చేతులూ ఆనించి లేచి నిలబడ్డాడు. అది స్పష్టంగా పడింది.

రెండున్నరకు డిపార్ట్‌మెంట్ హెడ్ గదిలో ఉన్నాం. నెరిసిన జుట్టు, పొడుగాటి మనిషి. మా ఆవిడ గుమ్మంలోనే నా వైపు ఒక చూపు చూసింది, పెదాలు బిగించుకుని కూర్చున్నాను. హెడ్ మేడమ్ కాగితం చదివింది. తర్వాత డైరీ తెరిచి ఒక్కో పేజీ చదివింది. గోడ గడియారం రెండు నలభై చూపిస్తోంది. ఒక పేజీ దగ్గర ఆగి వేలు పెట్టింది.

"మూడో వారం పాఠం రెండుసార్లు రాసి ఉంది. ఎందుకు?"

నేనైతే పొరపాటున రెండుసార్లు రాశారని చెప్పేవాణ్ణి.

"నాకు అర్థం కాలేదండీ," అంది మా ఆవిడ. "మళ్లీ చెప్పమన్నాను."

"రెండోసారి అర్థమైందా?"

"సగం అయింది. మిగతా సగం ఇంట్లో చేసి చూసుకున్నాను. మాకు కుళాయిల కొట్టు ఉంది. కొత్తగా వచ్చిన పెట్టెల్లోంచి చూడకుండా ముప్పై కుళాయిలు తీసి నీళ్లు పట్టాను. నాలుగు కారాయి. అన్ని పెట్టెల్లో కలిపి ఎన్ని కారొచ్చో లెక్క కట్టి, ఆ పైన అన్నీ విప్పి చూశాను. లెక్కకు దగ్గరగానే వచ్చింది."

ఆ రోజు నాకు గుర్తుంది. కొట్టంతా తడి చేసిందని ఆవిడ మీద విసుక్కున్నాను. ఆ కంపెనీ సరుకు మరి తెప్పించొద్దని ఆవిడ అంటే, ఎందుకని కూడా అడగకుండా మానేశాను. అప్పటి నుంచి కుళాయి కారిందని ఒక్కరూ వెనక్కి రాలేదు. అది నా అదృష్టం అనుకున్నాను.

హెడ్ మేడమ్ డైరీ మూసింది. పాఠం రెండుసార్లు చెప్పించుకున్నవాళ్లను నేనెప్పుడూ వెనక్కి పంపలేదంటూ ఫారం మీద సంతకం చేసి తేదీ వేసింది. ప్రాథమిక గణాంకశాస్త్రం కింద నాలుగు క్రెడిట్లు ఇస్తున్నానని, పై రెండూ జాబితాలో లేవు కాబట్టి ఇవ్వలేనని చెప్పింది. ఇంకో రెండు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మూడుంబావుకు కిటికీ దగ్గర కళ్లజోడు అమ్మాయి ఖాళీగా ఉన్న వరుస పక్కన ఫారం నంబరు వేసి, కింద కూడింది. యాభై ఎనిమిది. రెండు ముద్రలు కొట్టి, మూడో ఏడాది సీటు చీటీ అవతల నుంచి ఇవతలికి జరిపింది. నా వైపు చూసి, ఈసారి బేరం లేదా అని అడిగింది. లేదమ్మా అన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. లేవాలనిపించలేదు. సోమవారం నుంచి భుజాలు ఎంత బిగబట్టుకుని ఉన్నానో అవి వదులయ్యాకే తెలిసింది. మా ఆవిడ చీటీని నాలుగుసార్లు చదివింది. అయిదోసారి నాకిచ్చి చదవమంది. చదివి తిరిగి ఇచ్చేశాను.

"మూడో ఏడాదిలో ఇష్టమైన సబ్జెక్టు ఒకటి ఎంచుకోమంటారట," అంది. "ఏది తీసుకోమంటారు?"

"జాబితాలో ఏది రాసి ఉంటే అది," అన్నాను.

బస్సు వచ్చేలోపు మనసులో లెక్క సరిచూసుకున్నాను. పట్టుకెళ్లినవి అరవై, చెల్లినవి యాభై ఎనిమిది, కావలసినవి యాభై ఆరు. పోయిన రెండూ నా సలహాకు నేను కట్టిన జరిమానా, ఎక్కువేమీ కాదు. తిరిగినవి నాలుగు రోజులు. వచ్చినవి మూడో ఏడాది సీటు, అటకెక్కకుండా ఆగిన ఒక సంచీ, నా పక్కన కూర్చుని మళ్లీ నాతో మాట్లాడుతున్న మా ఆవిడ.