పక్క సీటు బ్రేకు

నేను ఒక బ్రేకు పెడల్‌ని. అడిగర్ల చలపతి మీద నాకు తీరని కక్ష ఉంది, మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తున్నాను. నర్సీపట్నంలో చలపతి డ్రైవింగ్ స్కూలు ఎక్కడని అడిగితే సోడా బండివాడు కూడా చూపిస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎదుటివాడు ఎంత వెధవైనా 'గారు' తగిలించి పిలిచే నోరు. పదకొండేళ్లు ఆయన చెప్పు కింద బతికాను. అన్నేళ్లలో నన్ను గట్టిగా తొక్కింది ఒకే ఒక్కసారి. నా ఫిర్యాదు అదే. తొక్కినందుకు కాదు, మిగతా అన్నిసార్లూ అంత మెత్తగా తొక్కినందుకు.

బ్రేకు అన్నది బండి నడిపేవాడి కాలి కింద కదా ఉండాలి అంటారు. ఉంటుంది. అది అసలుది. నేను రెండోదాన్ని. పక్క సీటు ముందు, నేర్పేవాడి కాలి కింద ఉంటాను. నేర్చుకునేవాడు తప్పు చేస్తే నేర్పేవాడు నన్ను తొక్కుతాడు, బండి ఆగుతుంది. కంపెనీలో పుట్టలేదు నేను. గఫూరు వెల్డింగ్ షెడ్డులో, లారీ కమాను పట్టీ ముక్కలోంచి పుట్టాను. పాత టైరు కోసి నా మొహానికి రబ్బరు బిగించాడు గఫూరు. నా వెనక నుంచి ఒక కడ్డీ వెళ్లి అవతలి పెడల్‌ని పట్టుకుంటుంది. నన్ను తొక్కితే అదీ దిగుతుంది. కానీ కిందికి చూసేవాడెవడు? బండి నేర్చుకునే మనిషి అద్దంలో తన మొహం చూసుకుంటాడు, పాదాలు చూసుకోడు. నాకు కనపడేవి పాదాలే. నోటి కంటే పాదం నయం, దానికి అబద్ధం చెప్పడం రాదు అనుకునేదాన్ని, చలపతి పాదం చూసేదాకా.

నన్ను చేయించింది చలపతి కాదు. ఆయన మేనమామ, రొంగలి జగ్గారావు. ముప్పై ఏళ్లు చింతపల్లి ఘాటు రోడ్డు మీద బస్సు నడిపి దిగినవాడు. చేతికొచ్చిన డబ్బుతో పాత తెల్లకారు కొని స్కూలు పెట్టాడు. చెప్పులు వేసుకోడు. మడమ పగుళ్లలో రూపాయి బిళ్ల పెడితే నిలబడేది. ఆయన నన్ను తొక్కితే నేర్చుకునేవాడి ముక్కు స్టీరింగుకి తగలాల్సిందే. తగిలాక నెత్తిన ఒక మొట్టికాయ.

"రోడ్డుకి రెండంచులున్నాయి గదరా. దూరంగా ఆ రెండూ కలిసినట్టు కనపడే సోటుంది సూడు, అదే ముడి. ముడి నీకన్నా ముందు పరిగెడతంటే నువ్వూ పో. ముడి నిలబడిపోయి నీ మీదకొత్తంటే తొక్కు బ్రేకు. హారన్ కాదు, దేవుడు కాదు, బ్రేకు!"

ఇంకొకటి రోజూ వినేదాన్ని. "కుడి మలుపా, ఎడమ అంచు పట్టుకో. కొండ ఏటి దాసిందో ఆ అంచు నుంచే కనపడతాది. ఎడమ మలుపా, నీ సగంలోనే నడిమి గీత దాకా జరుగు. మలుపు కొయ్యకురా సచ్చినోడా! కొండెనకాల ఎవుడొత్తన్నాడో నీ బాబుకి తెలుసా?"

పదిమంది చేరితే ఆరుగురు మూడో రోజే పారిపోయేవాళ్లు. మిగిలిన నలుగురూ మలుపు దగ్గర ముడిని వెతుక్కుంటూ ఇప్పటికీ బతికే ఉన్నారు. కానీ తిట్లు తినడానికి ఎదురు డబ్బు ఎవరిస్తారు? స్కూలు చిక్కిపోయింది. ముసలాయన మోకాలు కూడా పోయింది. కారూ, బోర్డూ, నేనూ చలపతి చేతికి వచ్చాం.

వచ్చిన మొదటి వారమే చలపతి నన్ను గఫూరు దగ్గరికి తీసుకుపోయాడు.

"గఫూరు గారూ, ఇది మెత్తబడాలండీ. ఇలా కాలు ఆనిస్తే అలా బండి తగ్గాలి. పక్కనున్న మనిషికి తెలీకూడదు."

"తెలీకపోతే ఆడేటి నేర్సుకుంటాడు మేస్టారూ?"

"తెలిస్తే మా మావయ్య స్కూలవుద్ది," అని నవ్వాడు చలపతి.

గఫూరు కూడా నవ్వాడు. కడ్డీ పొడుగు కోసి, కీలు మార్చి, నూనె పోసి, నన్ను లొంగదీశాడు. డబ్బు ఎవరిస్తే వాళ్ల మాట వినే చేతులు.

అప్పటినుంచి నా బతుకు దొంగబతుకు అయింది. మలుపు రాగానే చలపతి పాదం పిల్లి నడిచినట్టు నా మీద వాలేది. బండి తనంతట తనే తగ్గినట్టు తగ్గేది. "భలే! ఎంత చక్కగా తగ్గించారండీ!" అనేవాడు చలపతి. నేర్చుకునేవాడి కాలు ఏ పనీ చెయ్యకుండా గాలిలో ఉండేది. ఆ కాలుగల మనిషి మాత్రం పొంగిపోయేవాడు. మూడో రోజుకి తమ్ముణ్ని తెచ్చేవాడు, నెలకి బావమరిదిని. నమ్మాలని ముస్తాబై వచ్చినవాణ్ని మోసం చెయ్యడం తేలిక. నిజం చెప్పి కొట్టినవాడి స్కూలు మూతపడింది, అబద్ధం చెప్పి మెచ్చుకున్నవాడి స్కూలుకి రెండో బోర్డు లేచింది.

లాలం సన్యాసినాయుడు అలా వచ్చినవాడే. నలభై ఆరేళ్ల రైతు. కొండ కింద జీడితోట ఉంది. చింతపల్లి నుంచి క్యాబేజీ, రాజ్‌మా కిందికి దింపి అమ్మే ఆలోచనలో ఉన్నాడు. డ్రైవర్‌కి జీతమిస్తే మిగిలేదేమీ లేదు కాబట్టి తానే నడపాలి. బల్లపరుపు రోడ్డు మీద నెల తిరిగేసరికి లైసెన్సు వచ్చింది. అయినా మనిషి జాగ్రత్తపరుడు. ఘాటు క్లాసు అంటూ వేరే ఫీజు కట్టి మరీ వచ్చాడు. చింతపల్లి చేరాక, తిరిగి కొండ దిగబోయే ముందు, కారు తలుపు పట్టుకుని నిలబడి అడిగాడు.

"మేస్టారూ, ఈ ఒక్క దింపుడూ సూసి నిజం సెప్పండి. దింపగలవు నాయుడూ అంటే తోట అమ్మేసి బండి కొంటాను. నేదంటే మానీసి జీడిపిక్కలు ఏరుకుంటాను. మీ నోట్లో మాట."

"నా నోట్లో ఏముందండీ, మీ చేతిలో ఉంది," అన్నాడు చలపతి.

ఆ రోజు వెనక సీట్లో జగ్గారావు ఉన్నాడు. చెల్లెల్ని చూసి తిరిగి వస్తూ కారు ఎక్కాడు. ఊరు దాటి మొదటి మలుపు, కుడివైపుది. సన్యాసినాయుడు ఎడమ అంచు వదిలేసి కొండవైపుకి కోశాడు, ఎదుటి బండి రావాల్సిన దారిలోకి. చలపతి పాదం నా మీద వాలింది. బండి తగ్గింది. "భలే నాయుడు గారూ!" రెండో మలుపూ కోశాడు. నేను పనిచేశాను. "చెయ్యి తిరిగిపోయిందండీ మీకు!" ఏడో మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. నేను నడుం దాకా దిగాను. కారు బస్సు పక్కనుంచి జానెడు సందులో జారుకుంది. సన్యాసినాయుడి కుడికాలు చూశాను. యాక్సిలరేటర్ మీంచి లేచింది, బ్రేకు మీదికి రాలేదు. నడుమ ఊరికే వేలాడుతోంది, ఊయలలో పిల్లకాలులాగా.

"కండక్టరు కూడా సూసినాడు మేస్టారూ! ఎలా తప్పించినానో!" అని నవ్వాడు సన్యాసినాయుడు.

వెనక నుంచి జగ్గారావు గొంతు లేచింది. "నువ్వు తప్పించనేదురా. ఈడి మోకాలు దిగడం నాను సూసినాను."

చలపతి వెనక్కి తిరిగాడు.

"మావా, నువ్వూరుకో," అన్నాడు చలపతి.

"ఊరుకోను. నాయుడూ, ఒక్క పని సెయ్. మీ మేస్టార్ని రెండు కాళ్లూ సీటు మీద మడిసి బాసింపట్టు ఏసుకుని కూకోమను. అలా కూకోబెట్టి ఒక్క మలుపు దిగు. దిగితే తోట అమ్ముకో."

అంత తేలికైన పరీక్ష. ఒక మనిషి కాళ్లు మడుచుకుని కూర్చోవడం, అంతే. చలపతి పాదం నా మీంచి లేవలేదు. సన్యాసినాయుడు ఒక్కమాట 'సరే' అంటే చాలు, అక్కడితో కథ ముగిసేది. తోట మిగిలేది.

సన్యాసినాయుడు కారు పక్కకి ఆపాడు. అదీ నేనే ఆపాను. వెనక్కి తిరిగి, "తాతా, నీ స్కూలు ఎందుకు మూతపడిందో ఇప్పుడు తెలిసింది నాకు," అన్నాడు. "డబ్బులు కట్టి నేర్సుకున్నాను, బస్సు ముందు నుంచి తప్పించినాను, ఇంకా నాకు పరీచ్చ ఏటి? ఈ వయసులో అసూయ ఎందుకు నీకు?"

జగ్గారావు కిటికీలోంచి లోయలోకి ఉమ్మేశాడు. మిగిలిన మలుపులన్నీ నేనే దింపాను. కింద దిగాక చలపతి చేయి చాపాడు. "ఘాటు మీకు గులామండీ నాయుడు గారూ. ధైర్యంగా కొనండి."

తోట అమ్మాడు. కొత్త లోడు బండి కొన్నాడు. ముందద్దం మీద భార్య పైడితల్లి పేరు రాయించి, స్కూలు దగ్గరికి తెచ్చి స్వీట్లు పంచాడు. చలపతి రెండు తిన్నాడు.

నాయుడు మొదటి లోడు దించుతున్న రోజు, పొద్దున పదిగంటల వేళ, మేమూ ఘాటు మీదే ఉన్నాం. ఒక టీచరమ్మ స్టీరింగు దగ్గర, చలపతి నా దగ్గర. ఎక్కుతున్నాం. కొండను ఆనుకుని, మా ఎడమ అంచున, పద్ధతిగా పోతున్నాం. మలుపు అవతల నుంచి పొడుగ్గా హారన్ వినిపించింది. బ్రేకు చప్పుడు లేదు. హారన్ ఒక్కటే. ఆ వెంటనే మా దారిలో, మా ఎదురుగా, కొండను ఒరుసుకుంటూ సన్యాసినాయుడి బండి వచ్చింది. మలుపు కోశాడు.

అప్పుడు తొక్కాడు చలపతి నన్ను. బలమంతా పెట్టి, జగ్గారావు తొక్కినట్టు, రెండు పాదాలతో. మా కారు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఆ కాలికి అంత చదువూ వచ్చింది. సన్యాసినాయుడు మమ్మల్ని తప్పించడానికి తన వైపుకి ఒక్కసారిగా తిప్పాడు. ఆ వేగానికి బండి తిరగలేదు. పిట్టగోడ విరిగిన చప్పుడు, తర్వాత చెట్లు విరిగిన చప్పుడు, తర్వాత చాలాసేపు క్యాబేజీలు ఒక్కొక్కటీ దొర్లిన చప్పుడు.

టీచరమ్మ కాళ్లు చూశాను. రెండూ నేలకి ఆని ఉన్నాయి, ఏ పెడల్ మీదా లేవు. చలపతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పాదం నా మీంచి నెమ్మదిగా తీశాడు.

"చూశారా అమ్మా," అన్నాడు. "ఎంత బాగా ఆపారో!"

సన్యాసినాయుణ్ని తాళ్లు కట్టి పైకి లాగారు. బతికాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఎప్పుడూ బ్రేకు తొక్కని కాలు, అదీ పోయింది. లోడు ఎక్కువైందని బీమావాళ్లు తిప్పి పంపేశారు. బండి తుక్కుగా గఫూరు షెడ్డుకి వచ్చింది. ఏడాది తర్వాత మా తెల్లకారు మూలపడితే, నన్నూ కోసి అక్కడే పడేశారు. నా పక్కనే ఆ బండి బ్రేకు పెడల్ ఉంది. దాని రబ్బరు మీద గీతలు కొట్టులో ఉన్నప్పటిలాగే ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు. మేం మాట్లాడుకోం. మాట్లాడుకోవడానికి దానికేం తెలుసు పాపం.

మొన్న సన్యాసినాయుడు షెడ్డుకి వచ్చాడు. చంకకర్ర అడుగున రబ్బరు అరిగి జారిపోతోందట. గఫూరు తుక్కులో వెతికి నన్ను తీశాడు, నా మొహానికున్న రబ్బరు పీకి, కర్ర అడుగుకి చుట్టి మేకులు కొట్టసాగాడు.

"అసలు ఆ రోజేటి అయింది నాయుడూ?"

"ఏటుంది గఫూరూ, బండిలోనే ఏదో లోపం. నాను బాగానే నడిపినాను. మేస్టారి కారయితే మలుపు కాడ నాను కాలు తీసీగానే అదే తగ్గీది. ఇదీ అలగే తగ్గుద్దని కాలు తీసీసినాను. తీసీసి సూత్తన్నాను... సూత్తన్నాను... తగ్గలేదు."

గఫూరు సుత్తి ఆగింది. నా కీలు మెత్తబరిచిన చెయ్యి అది. నిజం నోటిదాకా వచ్చిందో లేదో నాకు తెలియదు, నాకు కనపడేవి పాదాలే. ఆయన పాదం ఒకసారి కదిలి, మళ్లీ సర్దుకుంది.

"అవున్లే నాయుడూ. బండిదే లోపం," అని మిగిలిన మేకు కొట్టేశాడు.

సన్యాసినాయుడు కర్ర మీద బరువంతా వేసి చూసుకున్నాడు. జారలేదు. నా రబ్బరు మీద ఆయన నిలబడటం అదే మొదటిసారి.

"బాగా పట్టింది," అన్నాడు.

"తోట ఎంత ఉండీది?" అనడిగాడు గఫూరు.

"ఎకరం డెబ్బై రెండు సెంట్లు."