పన్నెండు ఇళ్లకు ఒకే నంబరు

ఆదివారం ఆరాధన ముగియగానే ఆడవాళ్లు చర్చి అరుగు దగ్గర చేరేవారు. ఎడ్విన్ సంచిలోంచి కవర్లు తీసి పేరుపేరునా పిలిచేవాడు. వారం ఖర్చుకు ఏటీఎంలో ఎవరెంత తీయమన్నారో ఆ నోట్లు ఆ కవర్లో ఉండేవి.

"నా కార్డు ఎడితే మెషీను ఏటన్నాది?" అంది అప్పలనర్సమ్మ.

"నవ్వింది అత్తా. రెండొందలుంటే నవ్వదా మరి."

"నవ్వితే నవ్వింది. సిరిగిన నోటు మాత్రం తేకు. పోయినవారం టేపు అంటించిన నోటు నాకే అంటగట్టేవు."

ఆ ఊరికి అరకు పద్దెనిమిది కిలోమీటర్లు. జీపులో వెళ్లి వస్తే ఒక పూట కూలి పోతుంది. ఎడ్విన్‌కు అరకులో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అందుకని పన్నెండు ఇళ్ల డెబిట్ కార్డులు అతని దగ్గరే ఉండేవి. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి కాగితం అంటించి పేరు రాశాడు. కొండ మీద సిగ్నల్ రాదు కాబట్టి ఖాతాలన్నిటికీ బ్యాంకులో తన ఫోన్ నంబరే ఇచ్చాడు. పిన్ నంబరు కూడా అతనే పెట్టాడు. మరిచిపోకుండా అందరికీ ఒకటే.

ఆ పద్ధతిలో తప్పుందని ఎవరికీ తోచలేదు. వాళ్లను చూసి మనం నవ్వనక్కర్లేదు. చదువుకున్న ఇళ్లలోనూ కార్డు చేతికిచ్చి నంబరు చెప్పి పంపడం రోజూ జరిగేదే.

సవరమ్మ ఎడ్విన్‌కు పెద్దమ్మ. చెల్లెలు పోయాక హాస్టల్ సెలవులకు అతను వచ్చింది ఆమె ఇంటికే. రెండేళ్ల కాఫీ డబ్బును ఆమె ముట్టుకోకుండా ఖాతాలో ఉంచింది. కాఫీని పండుగా అమ్మితే దళారి చెప్పిందే ధర. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి అమ్మితే ఎక్కువ వస్తుంది. తొక్క తీసే యంత్రం ఒకటి సాలూరు వ్యాపారి దగ్గర ముప్పై ఆరు వేలకు ఉంది. కోత మొదలయ్యేలోగా అది కొనాలని ఆమె ఆశ. ఆ డబ్బు తీసి తెమ్మని ఎడ్విన్‌కు చెప్పింది.

"సర్వర్ పనిసెయ్యట్లేదు పెద్దమ్మా, వచ్చేవారం తెత్తాను," అన్నాడు ఎడ్విన్. వచ్చేవారమూ అదే మాట. మూడో ఆదివారం అతను రాలేదు. సోమవారం సవరమ్మ జీపెక్కింది.

బ్యాంకులో క్యాథరిన్ అనే ఆఫీసరు ఖాతా చూసింది. నాలుగు వందల పన్నెండు రూపాయలున్నాయి.

"నాది కాదమ్మా అది. మరోపాలి సూడు."

"మీదేనమ్మా. నాలుగు నెలల్లో పద్నాలుగు సార్లు తీశారు. మీ కార్డుతోనే."

"మా ఎడ్విన్‌కి సెప్తానుండు. దొంగెవడో బేగి పట్టేత్తాడు."

"కార్డు ఎవరి దగ్గరుంది?"

"వాడి దగ్గరే."

"పిన్ నంబరు?"

"వాడే ఎట్టేడు."

"డబ్బు తీస్తే మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది?"

క్యాథరిన్ నీళ్లిచ్చింది. సవరమ్మ తాగకుండానే లేచి దుకాణానికి నడిచింది.

దుకాణంలో ఎడ్విన్ ఎవరో ఇచ్చిన ఫోన్‌కు అద్దం అంటిస్తున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"టీ తెప్పించనా పెద్దమ్మా?"

"నా డబ్బు ఏటి సేసేవు?"

అతను వీధి వైపు చూశాడు. "ఫోన్లో పేకాట. మొదట గెలిచేను. తరవాత పోయింది. పోయింది రాబట్టుదామని ఇంకా తీసేను. నువ్వైతే సర్దుకుంటావని నీదే ముందు తీసేను."

"ముందా? తరవాత ఎవలిది?"

అతను చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టాడు. "పోలీసులకి సెప్పకు. నెలనెలా కట్టేత్తాను. నన్ను పెంచేవు కదా."

"పెంచేను. అందుకే నా గొంతు ముందు కోసేవు."

పన్నెండు కార్డులూ అడిగి తీసుకుని ఆమె బ్యాంకుకు తిరిగొచ్చింది. క్యాథరిన్ ఆమె కార్డును ఆపేసింది. కార్డూ పిన్ నంబరూ సవరమ్మే ఇంకొకరి చేతికి అప్పగించింది కాబట్టి బ్యాంకు డబ్బు తిరిగి ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దని, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వమని చెప్పింది. స్టేషన్లో సంతకం దగ్గర సవరమ్మ చాలాసేపు కూర్చుంది. పెట్టాకే లేచింది.

మరో ఏడు ఇళ్ల ఖాతాల్లోనూ డబ్బు పోయిందని ఆ వారంలోనే తేలింది. యంత్రాన్ని సాలూరు వ్యాపారి ఇంకొకరికి అమ్మేశాడు. ఈసారి కోతలోనూ సవరమ్మ కాఫీ పండు దళారికే పోతుంది.

ఆదివారం సంఘపెద్ద యేసురత్నం ఆమెను పక్కకు పిలిచాడు. "మన గుంటడే కదమ్మా, మన పిల్లోడే. కేసు వెనక్కి తీసుకో. ఊళ్లోనే మాట్లాడుకుందాం."

సవరమ్మ పక్కకు వెళ్లలేదు. అందరికీ వినబడేలా అంది:

"మన గుంటడే అన్నయ్యా. అందుకే కార్డిచ్చేను, అందుకే ఇన్నాళ్లూ అడగలేదు. ఇకమీద ఎవలి కార్డు ఆలే ఉంచుకోవాల, నంబరు ఆలే ఎట్టుకోవాల. బ్యాంకులో ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరే ఇయ్యండి. సంతకి దిగితే మెసేజులన్నీ వత్తాయి. జీపు కిరాయి పోతే పోనీ. సెడ్డోళ్లకి నంబరు మనవెవలం సెప్పం. మంచోళ్లకి కూడా సెప్పకూడదు."