నలభై నాలుగు గొంతులు

మూడో జొన్నరొట్టెను పెనం మీద తిప్పుతుండగా వెనక నుంచి భర్త జనార్దన్ నవ్వు వినిపించింది వందనకు.

"నిన్న ధన్‌సింగ్ షాపుకొచ్చిండు. తాతవైనవట గదా, మిఠాయేది అని అడిగిన. మొఖం సూడాలె నువ్వు! తీసుకున్న యూరియా బస్తా గాడనే ఇడిశిపెట్టి బండెక్కి పోయిండు."

రొట్టె మాడింది. ధన్‌సింగ్‌కు మనవడు పుట్టిన సంగతి ఈ సూర్యాపేటలో వందనకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

"మీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? నీ వాట్సాపే. షాపు కంప్యూటర్ల తెరిచే ఉంటది గద. నీ ప్రశ్నల కాయితాలు ప్రింట్ తీసుకున్ననాడు నువ్వే తెరిచినవ్. గిరాకి లేనప్పుడు నీ ఆడోళ్ల వాయిస్‌లు ఇంటుంట. ఒక్కొక్కదాని ముచ్చట సినిమా లెక్క ఉంటది. మిర్యాలగూడల మా చెల్లెకు గూడ ఫోన్ల ఒకటి ఇనిపిచ్చిన, పడిపడి నవ్వింది. కూరెయ్యి."

వందన కూర వేసింది. చెయ్యి దానంతట అదే వేసింది.

"నేను వాళ్లకు మాటిచ్చిన. ఎవ్వరికీ ఇనిపియ్యనని."

వరండాలోంచి అత్త అందుకుంది. "మొగడు ఇంటె ఏం పోయింది? బయటోడా ఏంది?"

మోతెలో తండ్రి మట్టయ్య ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి వందన. పీహెచ్‌డీలో చేరితే "మా కోడలు ఫోన్ల మీద పెద్ద సదువు సదువుతుంది, ఇంట్ల మాత్రం పప్పు మాడ్తది" అని అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఊళ్లలో సోషల్ మీడియా వచ్చాక ఆడవాళ్ల కుటుంబ సంబంధాలు ఏమయ్యాయన్నది ఆమె పరిశోధన. నలుగురికి వండిపెట్టి, గిన్నెలు కడిగి, తొమ్మిదింటి బస్సెక్కి ఎనిమిది నెలలు తిరిగింది. మోతె, తుంగతుర్తి, తిరుమలగిరి చుట్టూ ఉన్న ఊళ్లు, తండాలు. చాలామందికి రాయడం రాదు. అందుకని వాట్సాప్‌లో ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి, నేనొక్కదాన్నే వింటాను, మీ పేరు ఎక్కడా రాయను అని ప్రతి ఇంట్లోనూ చెప్పింది. నలభై నాలుగు మంది నమ్మారు. మొగవాళ్లు ఆడవాళ్ల ఫోన్లు ఎట్లా వెతుకుతారో పన్నెండు పేజీలు రాసింది. రాస్తున్నంతసేపూ ఆ ఆడవాళ్ల మీద జాలిపడింది. "బయటెందుకు, మన షాపులనే ప్రింట్ తీసుకో" అని జనార్దన్ అన్న రోజున, మా ఆయన మంచోడు అని ఎంత మురిసిపోయింది!

ధన్‌సింగ్ భార్య భూలి పంపిన వాయిస్ ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది. కూతురు జ్యోతి వేరే కులపోణ్ని చేసుకుని కోదాడలో ఉంటోంది. దానితో మాట్లాడినోళ్లు నా గడప దాటి పోవాలన్నాడు ధన్‌సింగ్. అందుకే తల్లీకూతుళ్లు ఫోన్లు చేసుకోరు, మెసేజ్‌లు పెట్టుకోరు. రోజూ మధ్యాహ్నం జ్యోతి స్టేటస్‌లో పిల్లవాడి ఫొటో పెడుతుంది, తల్లి ఒక్కదానికే కనిపించేటట్టు. భూలి చూస్తుంది. "నేను సూసినట్టు దాని ఫోన్ల నా పేరు పడ్తది బిడ్డా. గంతే మా ముచ్చట" అంది.

జనార్దన్ షాపుకు పోగానే వందన తన ఫోన్‌లోని వాట్సాప్ నుంచి ఆ షాపు కంప్యూటర్‌ను తీసేసింది. ఒక్క నొక్కు. అంతే పని. తర్వాత హైదరాబాద్‌లో ఉన్న గైడ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"తీసేశారు కదా, ఇక వదిలెయ్యండి" అన్నాడాయన. "థీసిస్‌లో రాయొద్దు. వాళ్లకూ చెప్పొద్దు. గోప్యత పోయిందని తెలిస్తే ఇంటర్వ్యూలన్నీ పనికిరావు, మళ్లీ మొదటికొస్తారు. అయినా విన్నది మీ వారే కదమ్మా, బయటివాళ్లు కాదు కదా."

బడి మొహం చూడని అత్తా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన సారూ ఒకే మాట అన్నారు. వందన బస్సెక్కింది.

తండాలో భూలి వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన రోలు మీద ఫోన్ ముక్కలున్నాయి. వందన నిలబడే అంతా చెప్పింది. కంప్యూటర్, షాపు, మిఠాయి మాట. భూలి తల ఎత్తలేదు.

"ఫోన్ ఎవ్వరి చేతికియ్యకున్రి అని మాకు చెప్తివి. నీది మీ ఆయన చేతులనే ఉన్నదా?"

భూలి ఇంకో కాయ తొడిమ తీసింది.

"నిన్న ఆయన పలగ్గొట్టిండు, నా ఫోన్ పోతె పోయింది. ఇయ్యాల మధ్యాన్నం గాడ పిల్ల తెరిసి సూస్తది, నా పేరు ఉండది. రేపు సూస్తది, ఉండది. అమ్మ సచ్చింది అనుకోవాల్నా, అమ్మ గూడ ఇడిశిపెట్టింది అనుకోవాల్నా?"

"నేను కోదాడ పోయి చెప్పొస్తనక్కా."

"వద్దు. ఒక్కసారి నీకు చెప్పిన, సాలు." భూలి చాట దగ్గరికి లాక్కుంది. "ఇగ మా ఇంటికి రాకు మేడం."

రెండోసారి వచ్చినప్పటి నుంచి ఆమె వందనను బిడ్డా అనే పిలిచేది.

వాకిలి దాటగానే జనార్దన్ ఫోన్. "అమ్మ గోలీలు ఏడ పెట్టినవ్? కంప్యూటర్ల నీదేదో కనవడ్తలేదేంది? ఎప్పుడొస్తవ్?"

"ఈ తండల ఇంక ఆరిండ్లున్నయి. రేపు తుంగతుర్తి, ఎల్లుండి తిరుమలగిరి. మొత్తం నలభై మూడు."

"ఇంకేం అడుగుతవ్ వాళ్లని?"

"అడుగుడు ఖతమైంది" అని ఫోన్ పెట్టేసింది.

పక్కింటి సుధ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి మంచం వాల్చింది. "కూసో అక్కా. ఇయ్యాలేం ప్రశ్నలు తెచ్చినవ్?"

వందన కూర్చోలేదు.

"నువ్వు నాకు పంపినయన్నీ నా మొగడు ఇన్నడు సుధా" అంది.