వేలితో పెట్టిన చుక్కలు

నల్లమాడ దాటాక వచ్చే గుట్ట మీద నిన్న నందిని పదకొండు చోట్ల రాతి పొరలను కొలవాల్సింది. ట్యాబ్‌ను రాతికి ఆనిస్తే చాలు, పొర ఏ దిక్కుగా సాగుతోందో, ఎంత వాలిందో పటంలో చేరిపోతుంది. గుట్ట కింద ఎనిమిది చోట్ల కొలిచింది. పొరలన్నీ ఉత్తర దక్షిణాలుగానే ఉన్నాయి. ఎండ మాడ్చేస్తోంది. పైన మాత్రం వేరేగా ఎందుకుంటాయి? కానుగ నీడలో కూర్చుని, ఉపగ్రహ చిత్రం మీద వేలితో పదకొండు చుక్కలు పెట్టి, అంకెలు వేసి, తన పరిశోధన చూస్తున్న మార్కండేయ సార్‌కు పంపేసింది. శభాష్ అని జవాబొచ్చింది. అప్పుడా మాట తియ్యగానే ఉంది.

పొద్దున, దారి చూపే గొర్రెల కాపరి దాసప్ప వచ్చాడు.

"పైది నిన్ననే అయిపోయిందన్నా. అటువైపు పోదాం," అంది నందిని.

"ఎప్పుడెక్కినావు పాపా? పొద్దు వాలేదాకా నేను ఆడే ఉంటినే! నా గొర్లక్కూడా కనపడకుండా ఎక్కినావా ఏమి?" నవ్వాడు దాసప్ప. "పదకొండు అంటివి కదా. రాయి బయటపడిన చోటల్లా గుర్తులు పెట్టినా. దా, చూద్దువు."

ట్యాబ్ తీసుకుని అతని వెనకే ఎక్కింది.

పైన రాయి మీద రాయి పేర్చిన చిన్న చిన్న కుప్పలు. మొదటి రెండు చోట్లా నిన్నటి అంకెలే వచ్చాయి. నందినికి ఊపిరి ఆడింది. మూడో కుప్ప దగ్గర ట్యాబ్‌లో గీత తూర్పు పడమరలుగా నిలిచింది.

"ఈ రాతిలో ఇనుముందేమో, దిక్సూచి తప్పుతోంది."

"ఇంగో రాయి మీద పెట్టి చూడు. ఈడికొచ్చేసరికి రాయి అడ్డం తిరుగుతాది పాపా. నడిచేటోళ్లకు కాలికే తెలుస్తాది."

మళ్లీ అదే గీత. పొరలు మోకాలిలా మడతపడ్డాయి. ఎప్పుడో నేల ఒత్తిడికి లొంగిపోయిన చోటు. రెండేళ్లుగా ఆమె వెతుకుతున్నది దీన్నే. నిన్నటి చుక్కలు దాని మీదుగా తిన్నగా నడిచిపోయాయి. నేరం రాతి మీదికి నెట్టడానికి తన మనసు ఎంత తొందరపడిందో తలచుకుంటే ఎండలోనూ చెవులు వేడెక్కాయి.

అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"సార్, పై చుక్కలు పదకొండూ రాయిని చూడకుండా పెట్టాను."



"చెరిపేసి, కొలిచి పంపు. మిగతాది వచ్చాక మాట్లాడదాం."

దాసప్ప అంతా విన్నాడు. విననట్టే వెళ్లి, నాలుగో కుప్ప మీంచి జారిన రాయిని తీసి సరిగ్గా పెట్టాడు.

"ఇంకా ఎనిమిది ఉండాయి. రాండి మేడం," అన్నాడు.