పెద్ద కాయిల్

అమిత్ రెండు కాయిళ్ళూ బల్ల మీద పెట్టి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పబోయాడు. నాగశ్రీ అతన్ని చెప్పనివ్వలేదు.

"పెద్దదే ఇవ్వు," అంది.

చిన్నది అన్నం తినే పళ్ళెంకన్నా చిన్నది. పెద్దది చాటంత. మట్టి కింద కనబడకుండా పోయిన నీటిగొట్టాల్ని మెటల్ డిటెక్టర్‌తో వెతికిపెట్టడం బరంపురంలో అమిత్ పని. ఎవరైనా అడిగితే మిషన్ అద్దెకీ ఇస్తాడు. కర్ర చివర కాయిల్ బిగిస్తూ, ఆమె పక్కన నిలబడ్డ భర్త కొండలుతో నవ్వుతూ అన్నాడు. నాగశ్రీని అతను ఒడియా వరసలో మావుసీ, అంటే పిన్ని, అని పిలుస్తాడు.

"మూడేళ్ళ కింద కూడా మావుసీకి ఇదే పట్టుకెళ్ళమన్నాను బాబూ. పొలంలో ఇసక మేటేసిందన్నారు కదా, చిన్న కాయిల్ మూరెడు దాటితే ఏమీ చూడలేదని చెప్పాను. మావుసీ రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది. అయినా చిన్నదే తీసుకుంది."

కొండలు భార్య వైపు చూశాడు. మిషన్ సంచీ భుజాన వేసుకుని బండి దగ్గరికి నడిచాడు.

గిరిసోల దాపున ఉన్న పొలాన్ని మామగారు బతికుండగానే ఇద్దరు కొడుకులకీ సగం సగం చేశారు. గట్టురాయి పాతేముందు ఆ గోతిలో పాత నాగలి కర్రు ఒకటి పెట్టడం వాళ్ళ ఇళ్ళల్లో అలవాటు. రాయిని ఎవడైనా జరపగలడు, కింద ఇనుము ఉన్నచోటే ఉంటుందని. తుఫాను ఏడాది గెడ్డ పొంగి రాయి కొట్టుకుపోయింది. చేనంతా ఇసక పరుచుకుంది. గట్టు ఇక్కడంటే ఇక్కడని అన్నదమ్ములు చెరోచోటు చూపించారు. ఆ రెండు చోట్లకీ మధ్య నేలబావి ఉంది. పట్టా ఇంకా మామగారి పేరునే ఉండడంతో లోపలి గట్టు ఏ కాగితంలోనూ లేదు. ఎవరికి వారు తవ్వుకోవడానికీ లేదు. తవ్వి చూపిస్తే వాడే తెచ్చి పెట్టాడంటారు.

అప్పుడు మిషన్ తెద్దామన్నది నాగశ్రీయే. బరంపురం కాలేజీలో బీయెస్సీ చదివింది. ఇంట్లో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేసే మనిషి. చిన్న కాయిల్ తేలిక, వస్తువున్న చోటు కచ్చితంగా చూపిస్తుంది అని అమిత్ అన్న మాటలే బస్సులో తిరిగొస్తూ మనసులో చెప్పుకుంది. చేలో ఇసకే మూరెడుందని ఆమెకి తెలుసు. ఆ లెక్క అక్కడే ఆపేసింది.

పెద్దమనుషుల ఎదుట, మరిది జగ్గారావు చూపించిన చోట మిషన్ నాలుగుసార్లు తిప్పారు. కిక్కురుమనలేదు. కొండలు చూపించిన చోట కూడా తిప్పుదామని ఎవరూ అనలేదు. అనకపోవడం ఆమె గమనించింది.

"మిషినే నేదంతాది. ఇంకేటి సూత్తావురా?" అన్నాడు పెద్దమనిషి వీరన్న.

జగ్గారావు ఆమె వైపు తిరిగాడు. "ఒదినా, నువ్వు సదూకున్నావు. నువ్వు సెప్పు. ఇది ఇంతకన్నా లోతుకి సూడదేటి?"

"నాకేం తెలుసు బాబూ," అంది నాగశ్రీ.

బావి కొండలు వైపు వచ్చింది. నీళ్ళు లేని ఇసకచెక్క మీద రెండేళ్ళు పెనుగులాడి, జగ్గారావు సూరత్‌లో మగ్గాల మీదికి వెళ్ళిపోయాడు. కిందటి వారం తోడికోడలు అమ్మడు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆదివారం నానూ, సిన్నుగాడూ ఎల్లిపోతన్నామక్కా. బడిలో ఆణ్ణి గట్టుదొంగ కొడుకంతన్నారు. ఇంకెందుకిక్కడ?"

ఆదివారానికి ఇంకా మూడురోజులుంది.

మిషన్‌తో తిరిగొస్తూ, గిరిసోల మలుపు దగ్గర కొండలు బండి ఆపాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆ దినాన జగ్గడు నిన్నే గదా అడిగినాడు?"

"అవును."

"నీకు తెలుసు."

"తెలుసు."

లారీ ఒకటి దుమ్ము రేపుతూ పోయింది.

"నానడిగుంటే సెప్పీదానివా?"

నాగశ్రీ నిజం చెప్పాలనుకుంది. నిజమేమిటో వెతుక్కోవలసి వచ్చింది. "చెప్పేదాన్ని కాదేమో."

"నాను అడగనేదు," అన్నాడు కొండలు. బండి స్టార్ట్ చేశాడు.

చేలో పెద్ద కాయిల్ అన్నిటికీ కూసింది. తుఫానుకి ఎగిరిపడ్డ రేకుముక్కకి, తుప్పుపట్టిన తాళానికి, ఎవరిదో సైకిల్ పెడలుకి. నాలుగు గోతులు వట్టిపోయాయి. అమ్మడు కబురందుకుని వచ్చింది గాని, దారి మీదే నిలబడింది.

"ఇంకా ఏటి ఎతుకుతన్నారు బావా? బావి మీదే గదా," అంది.

కొండలు మిషన్‌ని ముందుకు జరిపాడు.

జగ్గారావు అప్పట్లో మడమతో గీత గీసిన చోటుకి జానెడు ఇవతల మిషన్ సన్నగా, ఆగకుండా మోగింది. కొండలు తవ్వాడు. తెల్లటి ఇసక పోయి నల్లమట్టి తగిలింది. మూరన్నర లోతులో పార ఖంగుమంది. కర్రు. మామగారు గుర్తుగా కట్టిన ఇనపతీగ ఇంకా దాన్ని అంటుకునే ఉంది.

నాగశ్రీ అక్కడే నిలబడి సూరత్‌కి ఫోన్ చేసింది. అవతల మగ్గాల రొద.

"కర్రు దొరికింది. నువ్వు చూపించిన చోటే," అంది. ఆ మాట దగ్గర ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. "ఆ చిన్న కాయిల్ అంత లోతు చూడదని నాకు అప్పుడే తెలుసు. నువ్వడిగితే తెలీదన్నాను."

"తెలుసొదినా."

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని. నాకేటి తెలుసన్నప్పుడు నువ్వు నా మొకం సూడనేదు."

"మరి అందరి ముందూ నన్ను నిలదీయలేదేం?"

"నిలదీత్తే అన్నియ్య ఇంటికెల్లి నిన్నడుగుతాడు. పొలం తగువు మీ ఇంట్లోకెందుకు."

"వచ్చెయ్ జగ్గూ. బావి నీది," అంది.

"ఇంక మల్లీ నాగలేటి పట్టగల్నొదినా? ఇక్కడ గది తీసుకున్నాను. సిన్నుగాడికి బడి కూడా సూసినాను." ఎవరో అతన్ని కేకేశారు. "మగ్గం ఆగిపోయినాది. ఉంతాను."

కొండలు కర్రుని తిరిగి గోతిలో ఆనించి, మట్టి లాగబోయాడు.

"పూడ్చకు," అంది నాగశ్రీ. "వీరన్నగార్నీ, ఆరోజు ఉన్న అందర్నీ పిలుచుకురా. చూడాలి. నేనేం దాచానో కూడా వాళ్ళకి చెప్తాను."

"ఊల్లో నీ పేరు పోద్ది."

"మూడేళ్ళ కిందే జగ్గు పేరు పోయింది."

కొండలు చెయ్యి దులుపుకుని ఊరివైపు నడిచాడు. అమ్మడు దారి మీదే కూర్చుంది.

"ఒచ్చి సూత్తే ఏటవుద్దక్కా? టిక్కెట్లు తీసీసినాం," అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

అంచుల నుంచి ఎండిన ఇసక సన్నగా గోతిలోకి జారుతోంది. నాగశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళొచ్చేవరకూ కర్రు కనబడేలా, ఆ ఇసకని దోసిళ్ళతో తీసి పక్కన పోస్తూ ఉంది.