ఎడమచేతి ముడి

అనుమానం అయ్యన్నకు ఉగ్గుపాలతో అబ్బిన గుణం. ఎవరైనా చుట్ట చేతికిస్తే ముందు దాన్ని వాసన చూసి, తర్వాత ఇచ్చినవాడి మొహం చూసి, అప్పటికీ మనసొప్పకపోతే రుమాల్లో దోపుకుని ఇంటికి తెచ్చుకునే మనిషి. అలాంటివాడి దగ్గరికి పోయి, బాణాల పందెం నాలుగు గోడల మధ్య పెడుతున్నారని చెబితే నమ్ముతాడా?

చెప్పినవాడు బండి తోలే ఉరుకుందు. ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఉన్న ఆ బోయపల్లెకు కర్నూలు సంగతులన్నీ అతని బండి మీదే వచ్చేవి. చక్రవర్తిగారు గద్దెనెక్కి పాతికేళ్లయిందని ఊరూరా పండుగ చేస్తున్నారట. కర్నూల్లో ఒక దొరసానికి విల్లంటే మోజట. బయట ఎండలు మండిపోతున్నాయని పత్తి గోదామొకటి ఖాళీ చేయించి, అందులోనే పందెం పెట్టిస్తోందట. విల్లు పట్టినవాళ్లంతా రావచ్చునట. ఇంతవరకూ అయ్యన్న ఊకొడుతూనే విన్నాడు. ఆ గోదాముకు కావలి ఉండేది తన తమ్ముడు మహానందేననీ, "అన్నను తప్పకుండా రమ్మను, తక్కింది నేను చూసుకుంటా" అని వాడే చెప్పి పంపాడనీ తెలిశాక మాత్రం మొహం మాడిపోయింది.

"రెండేండ్లాయె వాడు నాతో మాట్లాడక. ఇప్పుడేం చూసుకుంటాడంటప్పా?" అన్నాడు.

అన్నదమ్ములకు చెడింది పొలం దగ్గర కాదు, విల్లు దగ్గర. తండ్రి పోయాక ఆయన విల్లును పెద్దవాణ్ణని అయ్యన్న తీసుకున్నాడు. నాయన దాన్ని నాకిస్తానన్నాడని మహానంది అన్నాడు. మాటా మాటా పెరిగింది. మర్నాడే మహానంది మూటా ముల్లే సర్దుకుని కర్నూలు చేరాడు. ఆ విల్లు ఇప్పుడు అయ్యన్న ఇంట్లో దూలానికి వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా తమ్ముడు ఏదో ఒకనాడు పగ తీర్చుకోక మానడని అయ్యన్నకు గట్టి నమ్మకం.

పగ తీర్చుకోడానికి అదను కూడా కుదిరింది. ఆ అడవి సర్కారుది. అందులో వేటాడి దొరికితే జైలే, ఆపైన ఆ ఇంటి గొడ్లకు అడవిలో మేత బందు. శివరాత్రి రోజుల్లో అయ్యన్న ఒక దుప్పిని కొట్టాడు. అది ఒంట్లో బాణంతోనే పరుగెత్తి, ఎక్కడో వాగులో పడి, చివరికి అడవి జవాన్ల కంటబడింది. బాణం రేంజరు చేతికి పోయింది. బాణం పోతే పోయింది కానీ, దాని తోకన ముడి ఉంది. ఈకలను ఎద్దు నరంతో చుట్టి చివర ముడి వేయడం అందరూ చేసేదే. అయ్యన్న తండ్రిది ఎడమచేతివాటం కాబట్టి ఆయన ముడి వెనక్కి తిరిగి ఉండేది. కొడుకులిద్దరూ ఆయన పక్కన కూర్చుని ఆ తిరుగుడునే చూసి నేర్చుకున్నారు కనుక కుడిచేత్తోనే ఆ తిరుగుడు ముడిని వేసేవారు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంకెవరికీ ఆ ముడి రాదు. తనను కర్నూలు పిలిపించడమెందుకో అయ్యన్నకు అర్థమైపోయింది.

పోనంటే పోనని భీష్మించుకున్నాడు. భార్య నాగక్క ఒక్క మాట అంది. "అందరూ పోతాండారు. నువ్వొక్కనివే పోకుంటే జనం ఏమనుకుంటారు?"

అదీ నిజమే. అందుకని రెండురోజులు వాకిలి మూసుకుని కూర్చుని, తన బాణాలన్నిటి ముడులూ విప్పి, లోకమంతా వేసే మామూలు ముడులు వేశాడు. అలవాటులేని పని, ఈకలు వంకరబోయాయి. ఒక బాణం మిగిలి ఉండగానే ఉరుకుందు బండి వచ్చి గుమ్మంలో ఆగింది. ఆ ఒక్కదాన్నీ గొంగడిలో చుట్టి చంకన పెట్టుకుని, నాయన విల్లు తీసుకుని బండెక్కాడు.

గోదాము చూడగానే ఉన్న అనుమానం కాస్తా రెట్టింపైంది. ఇంతమంది వేటగాళ్లను లోపలికి తోలి తలుపులు మూసేస్తున్నారు. వడగాలి బాణాలను పక్కకు నెడుతుందని మూస్తున్నామని చెప్పారు కానీ, కోళ్లను గంప కింద పెట్టేవాడు కూడా కోళ్ల మంచికేనని చెబుతాడు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒక్కొక్కరి బాణాలూ తిప్పి తిప్పి చూస్తున్నది ఎవరో కాదు, అడవి రేంజరే. మొన కొక్కెంలా ఉంటే లోపల పనికిరాదట, బాణం పగిలి ఉంటే చేతికి గుచ్చుకుంటుందట. అయ్యన్న గొంగడిని గోడవారగా పెట్టి, మిగతా బాణాలు బల్లమీద ఉంచాడు. రేంజరు చూసి సరేనన్నాడు.

పక్కన మహానంది రంగురంగుల దారాలు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి బాణమేదో తెలియడానికి మనిషికో రంగు కట్టడం వాడి పని. అన్న బాణాలకు ఎర్రదారం కడుతుంటే, ఆ కొత్త ముడుల దగ్గర వాడి చెయ్యి ఆగింది. తలెత్తి అన్న మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి, రేంజరు వైపు చూసి ఊరుకున్నాడు. పన్నిన ఉచ్చు ఖాళీగా దొరికినవాడి చూపు అది అనుకున్నాడు అయ్యన్న. లోలోపల కొంచెం సంతోషపడ్డాడు కూడా.

ఇక పందెం సంగతి. నేలమీద సున్నం గీత. ఎదురుగా గడ్డి కూరిన గోనెసంచుల మీద రంగు చక్రాలు, నట్టనడుమ పసుపు. ఈల ఊదితేనే వెయ్యాలి, ఇంకో ఈలకు విల్లు దించాలి, అందరూ వేశాక కలిసి నడిచిపోవాలి. అన్నిటికన్నా అయ్యన్నకు మింగుడుపడనిది ఇంకొకటి. రేంజరు చూసి మార్కు పిలిచేదాకా సంచికి దిగిన బాణాన్ని వేసినవాడు కూడా ముట్టరాదు. బోయవాడి బాణాన్ని బోయవాడే పీకాలి, అది తాతలనాటి పద్ధతి. తన బాణాన్ని సర్కారు మనిషి ముందుగా చూడటమంటే, దుప్పి సంగతి కాకపోతే మరేమిటి?

మొదట అలవాటు కోసమని ఊరికే వేయించారు. ఆ బాణాలకు మార్కుల్లేవంటే, లెక్కలేని బాణం ఎందుకు వేయిస్తారని అయ్యన్న దానికీ అనుమానపడ్డాడు. వేశాక తెలిసింది. అడవిలో ఎప్పుడూ గాలికి కొంత వదిలి గురిపెట్టిన చెయ్యి కదా, గాలే లేని ఈ గోదాములో బాణాలన్నీ ఎడమకు పోయాయి. నారి చప్పుడు గోడలకు తగిలి తిరిగివచ్చి, వెనకనుంచి ఎవరో వేసినట్లు ఉలిక్కిపడ్డాడు. అసలు పందెంలో గురి సర్దుకున్నా, వంకర ఈకల పుణ్యమా అని బాణాలు ఊగుతూ పోయాయి. ఆత్మకూరు వైపు కుర్రాళ్లు నవ్వారు. దొరకకుండా ఉంటే చాలనుకుని వచ్చినవాడికి ఆ నవ్వు చురుక్కుమంది.

నడుమ మంచినీళ్లకు ఆపారు. అప్పుడు రేంజరు అతన్ని పక్కకు పిలిచి, బల్ల సొరుగులోంచి ఒక బాణం తీశాడు. కర్రమీద నెత్తురు నల్లగా ఎండి ఉంది.

"మీ వైపు ఈ ముడి వేసేదెవరయ్యా?"

దూరంగా తమ్ముడు కూజా పట్టుకుని అందరికీ నీళ్లు పోస్తున్నాడు, ఇటే చూస్తున్నాడు. పిలిపించి, తలుపులు మూయించి, ఇప్పుడు తమాషా చూస్తున్నాడని అయ్యన్న ఒళ్లు మండింది.

"మా తమ్ముడు వేస్తాడు సామీ, అట్ల. ఆ మహానందే."

అందులో అబద్ధం లేదని తనకు తాను చెప్పుకున్నాడు కూడా.

రేంజరు తల పంకించాడు. "వాడూ అదే చెప్పాడు. ఆమధ్య నా బల్లమీద దీన్ని చూడగానే నాదేనన్నాడు. శివరాత్రికి శ్రీశైలం పోతూ దారిలో కొట్టానన్నాడు. గోదాము కావలివాడు దుప్పిని కొట్టాడంటే నేను నమ్మలేదు, ఎవరినో కాస్తున్నాడనుకున్నాను. ఇప్పుడు సొంత అన్నే సాక్ష్యం చెప్పాక ఇంకేముంది. పందెం కాగానే తీసుకుపోతాను."

అయ్యన్నకు తమ్ముడు చెప్పి పంపిన మాట గుర్తొచ్చింది. తక్కింది నేను చూసుకుంటా అంటే ఇదా? అన్న మీదికి రాకుండా నేరం తన నెత్తిన వేసుకుని, ఇక భయం లేదు, వచ్చి నీ చెయ్యి చూపించన్నా అని పిలిచాడా? అలా పిలిచినవాణ్ణి తన నోటితోనే పట్టించాడు. బతుకులో అందరినీ అనుమానించాడు కానీ, తనంతటి నీచుణ్ణి అనుమానించాలని అతనికి ఎన్నడూ తోచలేదు.

ఆఖరి వంతుకు ఈల పడేలోగా గోడవారకు పోయి గొంగడి విప్పాడు. మిగిలిపోయిన ఆ ఒక్క బాణాన్నీ తీసుకుని గీత దగ్గరికి వచ్చాడు. దానికి దారం లేదని ఎవరో అన్నారు. వినిపించుకోలేదు. దూరంనుంచే ఆ ముడిని చూసిన మహానంది కూజా కింద పెట్టి, వద్దన్నట్లు తల అడ్డంగా ఊపాడు. అయ్యన్న అదీ చూడలేదు. ఈల పడింది. నాయన విల్లు, నాయన ముడి, ఎక్కడా గాలి లేదు. బాణం ఊగకుండా పోయి పసుపు నడుమ దిగింది.

రెండో ఈలకు అందరూ నడిచారు. రేంజరు వంగి చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఆ దుప్పిని కొట్టిండేది ఈ చెయ్యే సామీ. మా తమ్మునికి దుప్పీ తెల్దు, ఏమీ తెల్దు. ఇందాక నేను చెప్పింది పాపిష్టి మాట." అని, బాణం పీకి ఇవ్వబోయాడు అయ్యన్న.

మహానంది గబగబా వచ్చి అన్న మణికట్టు పట్టుకున్నాడు. వాడి కళ్లనిండా నీళ్లున్నాయి.

"ముట్టాకు, అన్నా. ముందు మార్కు చెప్పనీ."

రేంజరు ఇద్దరి మొహాలూ చూసి, ఆ ముడిని ఇంకోసారి చూసి, గొంతు సవరించుకుని తొమ్మిది అని పిలిచాడు. అంతకన్నా పెద్ద మార్కు ఆ పందెంలో లేదు. తర్వాత జవాన్ల కోసం కేకేశాడు.

అయ్యన్న నారి సడలించి, విల్లును తమ్ముడి చేతిలో పెట్టాడు. తాను వచ్చేదాకా దాన్ని తడి తగలకుండా చూడమన్నాడు. వచ్చాక కూడా అది వాడి దగ్గరే ఉండాలన్నాడు.